ఒక్క అంగుళం కిందికి

మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ చుట్టూ ఉన్న నోవై, కాంటన్, ట్రాయ్ లాంటి ఊళ్లలో మనవాళ్లు చాలామంది కార్ల కంపెనీల పని మీదే స్థిరపడ్డారు. ఈ సంవాదంలో మాట్లాడే ఇద్దరూ ఆ చుట్టుపక్కలవాళ్లే. మావయ్య సస్పెన్షన్ విభాగంలో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైన ఇంజనీరు. పాత కారు ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలన్నది ఆయన పట్టుదల. మేనల్లుడు 1965 ఫోర్డ్ మస్టాంగ్ ఒకటి కొని, ముందు స్ప్రింగులు పొట్టివి వేసి, పై కంట్రోల్ ఆర్మ్‌ని ఒక అంగుళం కిందికి దించి, వెడల్పాటి రేడియల్ టైర్లు తొడిగాడు. ఆ తర్వాత అలైన్‌మెంట్ చేయించాడు. ఇప్పుడా కారు ఫ్రీవే వేగంలో లేన్ మధ్యన నిలవదు. గతుకు తగిలితే పక్కకి పోతుంది. ముందు టైర్లు లోపలి అంచున అరిగిపోతున్నాయి.

పాత కారు ముందు భాగాన్ని విప్పి మార్చిన చాలామందికి ఎదురయ్యే చిక్కే ఇది. షాపువాళ్లు చేతిలో పెట్టే కాయితంతో ఇది తీరదని నా గట్టి నమ్మకం. అందుకే ఇద్దరి మాటలూ వరసగా రాస్తున్నాను. ఈ మాటల్లో కేంబర్ అంటే చక్రం నిలువు నుంచి పక్కకి వాలిన కోణం, కాస్టర్ అంటే స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం, టో అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో చూసే కొలత.

మేనల్లుడు: మావయ్యా, ఇదిగో చూడండి. కేంబర్, కాస్టర్, టో, మూడూ పచ్చ గళ్లలోనే ఉన్నాయి. కారు మాత్రం కాసేపు ఎడమకి, కాసేపు కుడికి జారుతూనే ఉంటుంది. అలైన్‌మెంట్ చేసినవాళ్లకి పాత కార్ల పని రాదనిపిస్తోంది.

మావయ్య: వాళ్లనెందుకు అంటావు? అడిగినదానికి మెషీన్ జవాబు చెప్పింది. చదునైన ర్యాక్ మీద, లోపల మనిషి లేకుండా, కదలకుండా నిలబడినప్పుడు చక్రాలు ఎటు చూస్తున్నాయో కొలిచింది. నువ్వు నడిపేటప్పుడు అవే చక్రాలు పైకీ కిందికీ ఆడుతూ ఎటు తిరుగుతున్నాయో ఎవరూ కొలవలేదు. నువ్వు ఆ కారుని విప్పకుండా ఉంటే ఆ అవసరమే వచ్చేది కాదు.

మేనల్లుడు: విప్పకముందు బాగుందా? మలుపు తిప్పితే ముక్కు పక్కకి ఒరిగిపోయేది. బయటివైపు టైరు నిటారుగా ఆనకుండా భుజం మీద నడిచేది.

మావయ్య: అది మామూలు సంసారులు కొనుక్కోవడానికి చేసిన కారు రా. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో జనం ముందుకొచ్చినప్పుడు, పైన చొక్కా కొత్తదే గానీ అడుగున చాలావరకు ఫోర్డ్ చవక కారు ఫాల్కన్ సామానే. మెత్తగా నడవాలి, స్టీరింగ్ తేలిగ్గా తిరగాలి, ధర అందుబాటులో ఉండాలి అనుకున్నారు. అనుకున్నట్టే చేశారు. మలుపుల్లో పరుగెత్తించమని ఎవరడిగారు?

మేనల్లుడు: ఫోర్డే అడిగింది! రేసుల్లో నిలబెట్టమని క్యారల్ షెల్బీకి అప్పగించింది. ఒక్క అంగుళం దించడం నా సొంత బుర్రలో పుట్టింది కాదు. ఫోర్డ్ ఇంజనీరు క్లాస్ ఆర్నింగ్ లెక్కగట్టినది. షెల్బీ మస్టాంగ్ నుంచే తయారుచేసిన 1965 జీటీ 350కి పై ఆర్మ్ పివట్ సరిగ్గా అంతే దించారు. నేను రంధ్రాలు వేసిందీ ఆ కొలతకే.

మావయ్య: ఎందుకు దించారో తెలుసా?

మేనల్లుడు: తెలుసు. ఫ్యాక్టరీ కారులో పై ఆర్మ్ లోపలి కొస ఎత్తుగా, బాల్ జాయింట్ ఉన్న బయటి కొస పల్లంగా ఉంటాయి. చక్రం పైకి లేచినప్పుడు ఆ ఆర్మ్ ముందు బయటికే నెడుతుంది. దాంతో టైరు పైభాగం బయటికి వాలి కేంబర్ పాజిటివ్ అవుతుంది. మలుపులో బరువంతా పడే చక్రానికి కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం. లోపలి పివట్‌ని దించితే అదే ఆర్మ్ చక్రం లేచేకొద్దీ టైరు పైభాగాన్ని లోపలికి లాగుతుంది. టైరు రోడ్డుకి నిండుగా ఆనుతుంది. కారు మొత్తంలో దీనికంటే చవకైన మంచి మార్పు లేదు. రెండు పక్కలా రెండేసి రంధ్రాలు, అంతే.

మావయ్య: లెక్క బాగానే చదివావు. మరి 1966లో మొదటి కొన్ని కార్ల తర్వాత షెల్బీ వాళ్లే ఆ పని మానేశారు కదా?

మేనల్లుడు: డబ్బు మిగుల్చుకోవడానికి మానేశారు. అందులో దోషం కనిపించి కాదు.

మావయ్య: సరే, అది నీకే వదిలేస్తాను. కానీ జీటీ 350లో మార్చింది ఆ ఒక్కటేనా? కోనీ షాక్ అబ్జార్బర్లు వేశారు, ముందు యాంటీ రోల్ బార్ అంగుళం మందానికి పెంచారు, పిట్‌మన్ ఆర్మ్, ఐడ్లర్ ఆర్మ్ పొడుగువి పెట్టారు, ఇంజన్ గదిలో స్ప్రింగుల్ని మోసే టవర్లు కదలకుండా అడ్డకడ్డీలు బిగించారు. ఒక ఎత్తు, ఒక టైరు మనసులో పెట్టుకుని కారంతటినీ కలిపి చూసుకున్నారు. నువ్వేం చేశావు? పివట్ ఆర్నింగ్‌ది, స్ప్రింగుల ఎత్తు ఏదో కేటలాగుది, టైరు ఈ కాలానిది, అలైన్‌మెంట్ అంకెలు 1965 షాపు మాన్యువల్‌వి. నాలుగూ నాలుగు చోట్ల నుంచి తెచ్చి, ఇవి కలవడం లేదేమిటని షాపువాణ్ణి నిలదీస్తున్నావు.

మేనల్లుడు: మాన్యువల్ అంకెలు పెట్టమన్నది నేను కాదు. వాళ్ల కంప్యూటర్‌లో ఆ సంవత్సరం, ఆ మోడల్ నొక్కితే వచ్చినవి అవే.

మావయ్య: వస్తాయి మరి.

మేనల్లుడు: అక్కడే నాకు మీతో పేచీ. ఫ్యాక్టరీ అంకెల్ని మీరు వేదంలా చూస్తారు. ఆ అంకెలు మన ఊళ్లో నైలాన్ టైర్లనే అడ్డపొరల టైర్లకోసం రాసినవి. కాస్టర్ దాదాపు సున్నా దగ్గర, కేంబర్ కాస్త పాజిటివ్. పవర్ లేని స్టీరింగ్‌ని పార్కింగ్‌లో ఇంటిల్లిపాదీ తిప్పగలగాలని కాస్టర్ అంత తక్కువ పెట్టారు. రేడియల్ టైరుకి పక్క గోడ మెత్తన, రోడ్డుకి ఆనే పట్టీ గట్టి. దానికి నిటారుగానో, అర డిగ్రీ లోపలికి వాలో నిలబడటం ఇష్టం. తిన్నగా పోవడానికి రెండు మూడు డిగ్రీల కాస్టర్ కావాలి. మీ షోరూమ్ కారుకి రేడియల్స్ వేసినా ఆ పాత అంకెలు పనికిరావు. అవునా కాదా?

మావయ్య: అవును. ఆ మాట ఒప్పుకుంటాను. టైరు మారితే అంకె మారాలి. లేన్‌లో నిలవకపోవడానికి సగం కారణం అదే అయ్యుండొచ్చు. వెడల్పు టైరుకి రోడ్డు మీది గాడుల వెంట పోయే బుద్ధి ఉంటుంది. కాస్టర్ లేకపోతే దాన్ని మళ్లీ మధ్యకి తెచ్చే బలం స్టీరింగ్‌కి ఉండదు. కానీ ఇంకో లెక్క చెప్పు. ముందు భాగం మొత్తం ఎంత దిగింది?

మేనల్లుడు: అంగుళం దించే స్ప్రింగులు వేశాను. కాబట్టి అంగుళం.

మావయ్య: కాదు. ఈ కారులో స్ప్రింగ్ కూర్చునేది పై ఆర్మ్ మీదే. ఆర్మ్ లోపలి కొసని దించితే, స్ప్రింగ్ ముట్టుకోకపోయినా, కారు అర అంగుళానికి పైగా దిగుతుంది. రెండూ కలిసి నీ కారు ముక్కు అంగుళంన్నర కిందికి వచ్చింది. వెనక స్ప్రింగులు ముట్టుకోలేదు కదా? ముందు, వెనక చక్రాల మధ్య దూరం 108 అంగుళాలు. ముందు అంగుళంన్నర దిగితే బాడీ ముందుకి 0.8 డిగ్రీలు వంగుతుంది. స్టీరింగ్ తిరిగే ఇరుసూ దానితోపాటే వంగుతుంది. ఉన్న కాస్టరే అరకొర, అందులోంచి 0.8 అలా పోయింది. పోయినదాన్ని తిరిగి తేవడానికి పై ఆర్మ్‌కీ టవర్‌కీ మధ్య షిమ్ములనే రేకు ముక్కలు పేర్చాల్సొచ్చింది. కారు ఏ ఎత్తులో నిలబడుతుందో తేల్చుకోకుండా అలైన్‌మెంట్‌కి తీసుకెళ్లకూడదు.

మేనల్లుడు: ఎత్తు తేలాకే తీసుకెళ్లాను.

మావయ్య: ఆర్మ్ బుష్షుల బోల్టులు ఎప్పుడు బిగించావు? లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతున్నప్పుడా, కారు నేల మీద ఉన్నప్పుడా?

మేనల్లుడు: లిఫ్ట్ మీదే. నేల మీద ఉంటే అక్కడికి పానా పోదు.

మావయ్య: అదిగో. రబ్బరు బుష్షుకి లోపలి గొట్టం బోల్టుతో పట్టుకుంటే మెలి తిరిగేది రబ్బరే. వేలాడుతుండగా బిగిస్తే, కారు దింపగానే ఆ రబ్బరు మెలిపడి, బాడీని పైకి మోస్తూ ఉంటుంది. ర్యాక్ మీదికెళ్లిన రోజు కారు దాని నిజమైన ఎత్తులో లేదు. రబ్బరు సాగి, కొత్త స్ప్రింగులూ కుదురుకునేసరికి ఇంకాస్త కిందికి కూర్చుంది. బిగించేటప్పుడు చక్రాల కింద బరువు ఉండాలి. ర్యాంపు కట్టో, కింది ఆర్మ్ కింద జాకీ పెట్టి కారు బరువు దానిమీదికి తెచ్చో బిగించాలి.

ఇక్కడ నేనొక మాట కలపాలి. కొద్దిగా కూర్చుంటే ఏమవుతుందిలే అని చాలామంది అనుకుంటారు. టో సంగతి చూస్తే ఆ కొద్దిది ఎంతో తెలుస్తుంది. 25 అంగుళాల ఎత్తు టైర్ల మీద మొత్తం 1/8 అంగుళం తేడా అంటే ఒక్కో చక్రం తిన్నని దారికి వెయ్యిలో రెండున్నర వంతు పక్కకి చూస్తోందన్నమాట. మైలు దూరం నడిస్తే ఒక్కో టైరు పదమూడు అడుగుల మేర అడ్డంగా రోడ్డుకి రాసుకున్నట్టు లెక్క. డెట్రాయిట్ నుంచి షికాగో దాకా వెళ్లొస్తే ఆ రబ్బరు ఎటు పోతుందో ఊహించుకోవచ్చు. కేంబర్ తప్పు టైరుని మెల్లగా తింటుంది. టో తప్పు కొన్ని వారాల్లోనే తినేస్తుంది. అంకె చిన్నదని దాన్ని తేలిగ్గా తీసుకోవడం నాకు మింగుడుపడదు.

మేనల్లుడు: టైర్లు లోపలి అంచున పోతున్నాయంటే నెగటివ్ కేంబర్ ఎక్కువైందనుకున్నాను. కానీ కాయితం మీద కేంబర్ పాజిటివ్‌లో ఉంది. అదే నాకు అంతుపట్టలేదు.

మావయ్య: టైరు మీద అడ్డంగా అరచేయి పెట్టి రాసి చూడు. కేంబర్ అరుగుదల నున్నగా ఉంటుంది. టో అరుగుదల ఒక దిక్కున నున్నగా, రెండో దిక్కున రంపంలా తగులుతుంది.

మేనల్లుడు: రంపంలాగే ఉంది.

మావయ్య: అయితే నడిచేటప్పుడు నీ చక్రాలు బయటికి చూస్తున్నాయి, ర్యాక్ మీద లోపలికి చూసినా సరే. ఇప్పుడొచ్చాం అసలు చోటుకి. గతుకు మీద పక్కకి పోతోందన్నావే, దాని పేరు బంప్ స్టీర్. కంట్రోల్ ఆర్ములు చక్రాన్ని ఒక వంపులో పైకి తీసుకెళ్తాయి. టై రాడ్ బయటి కొస తన సొంత వంపులో పైకి వెళ్తుంది. రెండు వంపులూ ఒకదానితో ఒకటి పోతే చక్రం తిన్నగా చూస్తూ లేస్తుంది. పోకపోతే ఎవరూ తిప్పకుండానే తిరుగుతుంది. ఈ మస్టాంగ్‌లో టై రాడ్లు చక్రాల ఇరుసుకి వెనకవైపు ఉంటాయి. కారు బాగా దిగేసరికి టై రాడ్ బయటి కొస లోపలి కొసకంటే పైకి వచ్చింది. అక్కణ్ణించి చక్రం ఇంకా లేస్తే ఆ కొస లోపలికి లాగబడుతుంది. చక్రం వెనక అంచు లోపలికి, ముందు అంచు బయటికి పోతాయి. ఎడమ చక్రం గతుకెక్కితే కారు ఎడమకే పోతుంది.

మేనల్లుడు: అంటే కారు తర్వాత కూర్చున్న ఆ కాస్త ఎత్తే టో‌ని బయటికి తీసుకుపోయింది!

మావయ్య: అదీ, నువ్వెక్కి కూర్చున్న బరువూ. పైగా ఆర్మ్ పివట్ దించి ఒక వంపుని మార్చావు, టై రాడ్ వంపుని అలాగే వదిలేశావు. అందుకే అంటున్నాను, పాత రంధ్రాల్లోకి ఆర్మ్ ఎక్కించేసి, పాత ఎత్తు స్ప్రింగులు వేసేయి. ఇంజనీర్లు కుదిర్చిపెట్టిన పొందిక మళ్లీ వస్తుంది.

మేనల్లుడు: రాదు. ఫ్యాక్టరీ మస్టాంగ్‌కీ బంప్ స్టీర్ ఉంది, మెత్తటి స్ప్రింగుల వెనక దాక్కుని ఉంది. తప్పు వంపుల్లో ఉంటే వంపుల్ని సరిచేద్దాం. టై రాడ్ బయటి కొసని కిందికి దించే కిట్లు దొరుకుతాయి.

మావయ్య: దొరుకుతాయి. కొలవకుండా బిగిస్తే అదీ కేటలాగు వైద్యమే. ఎంత దించాలో ఎలా తెలుస్తుంది?

మేనల్లుడు: మీరే చెప్పండి.

మావయ్య: షాక్ తీసేయాలి, స్ప్రింగ్ దింపేయాలి, చక్రం ఊడదీయాలి. హబ్‌కి చదునైన పలక బిగించాలి. స్టీరింగ్ నడిమధ్యలో కదలకుండా కట్టేయాలి. పలకకి ముందొకటి, వెనకొకటి డయల్ గేజీలు ఆనించాలి. బాడీ స్టాండ్ల మీద ఉండగా కింది ఆర్మ్‌ని జాకీతో అర అంగుళం చొప్పున లేపాలి, మామూలు ఎత్తు నుంచి రెండంగుళాలు పైకి, రెండంగుళాలు కిందికి. ప్రతి మెట్టు దగ్గరా రెండు గేజీల తేడా రాసుకోవాలి. అదే ఆ చోట టో. గ్రాఫు కాయితం మీద చుక్కలు పెట్టి కలిపితే కారు తన రోగం తనే చెప్తుంది. గీత తిన్నగా ఒక పక్కకి వాలితే టై రాడ్ ఎత్తు తప్పు. బయటి కొస కింద వాషర్లు మార్చి నిలబెట్టొచ్చు. గీత విల్లులా వంగి, పైకి పోయినా కిందికి పోయినా ఒకే దిక్కుకి తిరిగితే టై రాడ్ పొడుగు తప్పు. అది వాషర్లతో పోదు, లోపలి పివట్ చోటే మారాలి. ఇందులో కంప్యూటర్ పని ఏమీ లేదు, ఓపిక కావాలి.

మేనల్లుడు: షాపుల్లో ఇది ఎందుకు చేయరు?

మావయ్య: చేస్తే ఆ రోజంతా దీనికే పోతుంది. ఇవాళ్టి కార్లకి అవసరం ఉండదు కూడా. ఫ్యాక్టరీ కుదిర్చిన వంపుల్ని వాటిలో ఎవరూ మార్చరు. మార్చినవాడిదే ఆ పని.

మేనల్లుడు: ఒప్పుకున్నాను. ఇంకొకటి. ఎడమపక్క షిమ్ములు కుడిపక్కకంటే చాలా మందంగా పడ్డాయి. అలా పెడితేగానీ కేంబర్ రెండు పక్కలా సమానం కాలేదు.

మావయ్య: అది నాకు ముందే చెప్పాల్సింది. ఈ కారులో షిమ్ము పెరిగితే పై ఆర్మ్ బయటికి జరుగుతుంది. ఎడమన అంత కావాల్సొచ్చిందంటే ఎడమ షాక్ టవర్ లోపలికి వాలింది. స్ప్రింగు బరువంతా అరవై ఏళ్లుగా మోస్తున్న రేకు అది. తుప్పు పట్టి ఉండొచ్చు, ఎప్పుడో దెబ్బ తగిలి ఉండొచ్చు. కాయితం మీద రెండు అంకెలూ సమానమయ్యాయి గానీ కారు సమానం కాలేదు. ముందు రెండు టవర్ల మధ్య దూరం కొలిచి, వాలినదాన్ని దాని చోటుకి లాగి, అప్పుడు అడ్డకడ్డీ బిగించాలి. గతుకుల రోడ్లున్న దేశాలకి పంపే కార్లకి ఫోర్డ్ వేసిన ఎక్స్‌పోర్ట్ బ్రేస్ అందుకే. ఇప్పుడు చెప్పు, అలాంటి టవర్‌కి నువ్వు ఇంకో రెండు రంధ్రాలు వేశావు!

మేనల్లుడు: వేశాను, మళ్లీ వేయమన్నా వేస్తాను. పాత రంధ్రాలు అక్కడే ఉన్నాయి. రేపు ఎవరికైనా ఫ్యాక్టరీ కారు కావాలంటే ఒక పూటలో ఆర్మ్ పైకి ఎక్కించుకోవచ్చు. వెనక సీట్లో నా పిల్లలు కూర్చుంటారు మావయ్యా. అడ్డం వచ్చిన కారుని తప్పించడానికి స్టీరింగ్ తిప్పితే బయటి టైరు నేలకి ఆనాలి. దానికోసం వేశాను, ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్లతో ఊరేగడానికి కాదు.

మావయ్య: పిల్లల మాటకి నా దగ్గర ఎదురు లేదు. కానీ అప్పటివాళ్లు ఏం చేశారో, ఎందుకు చేశారో తర్వాతివాళ్లకి చూపించే కార్లు ఏటికేడాది తగ్గిపోతున్నాయి. ప్రతివాడూ తనకి కావాల్సినట్టు ఒక అంగుళం దించుకుంటూ పోతే, మొదటి కొలత ఎక్కడ చూసుకుంటాం? ఆర్నింగ్ అంగుళం దించాడని మెచ్చుకోవాలన్నా, దేన్నుంచి దించాడో చూపించడానికి ఒక కారు మిగలాలి.

మేనల్లుడు: మీ గ్యారేజీలో ఉన్నది మిగులుతుంది. నాది రోడ్డు మీద తిరుగుతుంది.

మావయ్య మాటలో బలం ఉందని నాకు తెలుసు. అయినా ఈ కారు విషయంలో నేను మేనల్లుడి వైపే. రోజూ మనుషుల్ని ఎక్కించుకుని తిరిగే బండికి పాత పొందిక కంటే సరైన పొందిక ముఖ్యం. అయితే ఆ పొందిక కొని బిగించేది కాదు, కొలిచి తెచ్చుకునేది. ఈ రెండో ముక్క మావయ్య దగ్గర నేర్చుకోవాల్సిందే.

మావయ్య: సరే, తిరిగితే తిన్నగా తిరగాలి. వరస చెప్తాను రాసుకో. ముందు టవర్లు. తర్వాత కింది ఆర్మ్‌ని ముందుకి పట్టి ఉంచే స్ట్రట్ రాడ్ బుష్షులు. అవి మెత్తబడితే బ్రేక్ వేసినప్పుడల్లా కింది ఆర్మ్ వెనక్కి జరిగి ఉన్న కాస్టర్ కూడా పోతుంది. తర్వాత కారు నేల మీద ఉండగా బుష్షులన్నీ వదులు చేసి మళ్లీ బిగించు. వెనక కూడా ఎత్తు చూసుకో. ఆ తర్వాత బంప్ స్టీర్. అన్నీ అయ్యాకే ర్యాక్.

మేనల్లుడు: ర్యాక్ మీద అంకెలు నేనే రాసిస్తాను. కేంబర్ అర డిగ్రీ నెగటివ్, టో 1/8 అంగుళం లోపలికి, కాస్టర్ మూడు డిగ్రీలు. నడిపేవాడి సీట్లో నా బరువుకి సరిపడా ఇసుక బస్తాలు వేయించి మరీ పెట్టిస్తాను.

మావయ్య: బస్తాలు మంచి ఆలోచన. కాస్టర్ మాత్రం రెండు. నీ కారుకి పవర్ స్టీరింగ్ లేదు, టైర్లు వెడల్పు. మూడు పెడితే పార్కింగ్‌లో మీ ఆవిడ దాన్ని తిప్పలేదు.

మేనల్లుడు: రెండుకి ఫ్రీవే మీద మళ్లీ జారుతుంది.

మావయ్య: బంప్ స్టీర్ పోతే జారదు. శనివారం గేజీలు పట్టుకొస్తాను, స్ప్రింగులు దింపి ఉంచు. గీత ఎలా వస్తుందో చూశాక రెండా మూడా తేలుద్దాం.

మేనల్లుడు: దింపి ఉంచుతాను. పై ఆర్మ్ మాత్రం ఎక్కడుందో అక్కడే ఉంటుంది.